అమ్మను ఆపిన కౌంటరు వెనక కూర్చోవాలంటే

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది కడప జిల్లా సిద్ధవటం మండలంలో ఒక పల్లె. నాకు 23 ఏళ్లు. బీఎస్సీ పూర్తయింది. ఏడాదిగా కడపలో గది తీసుకుని, బ్రౌన్ గ్రంథాలయంలో కూర్చుని పోటీ పరీక్షలకు చదువుతున్నాను. మా అమ్మ ఐదో తరగతి వరకే చదివింది. 2010లో, తనకు 27 ఏళ్లప్పుడు, ఇంటిపనికి కువైట్ బయలుదేరింది. విమానాశ్రయంలో ఇమ్మిగ్రేషన్ అధికారి హిందీలో ఏవో ప్రశ్నలడిగి, తర్వాత ఇంగ్లీషులో అడిగి, పక్కన కూర్చోబెట్టాడు. విమానం వెళ్లిపోయింది. పది రోజుల తర్వాత ఏజెంటు మరో విమానాశ్రయం నుంచి పంపాడు. అక్కడ ఎవరూ ఏమీ అడగలేదు. మొదటి ఇంట్లో ఎనిమిది నెలలు జీతమే ఇవ్వలేదు. తర్వాత ఇల్లు మారి, 2021 దాకా అక్కడే కష్టపడి నన్ను, తమ్ముణ్ణి చదివించింది. ఇప్పటికీ విమానాశ్రయం మాటెత్తితే భయపడుతుంది. నేను ఇమ్మిగ్రేషన్ శాఖలో పెద్ద అధికారిని కావాలి. అమ్మను ఆపినలాంటి వాళ్లను నిలదీసే స్థాయికి చేరాలి. ఇంటెలిజెన్స్ బ్యూరో (ఐబీ) వారి ఏసీఐఓ (అసిస్టెంట్ సెంట్రల్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్) పరీక్ష రాయనా, సివిల్స్ రాయనా? అమెరికాలో వలస వచ్చినవారి పిల్లలే ఆ శాఖకు అధిపతులయ్యారని చదివాను. మన దగ్గర అలా కుదరదా? ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. రెండేళ్లకు మించి ఆగలేమంటున్నారు. దారి చెప్పగలరు.
— ఒక పాఠకురాలు, కడప

సమాధానం: తల్లీ, మొదట చెప్పే మాట నీకు రుచించకపోవచ్చు. నీ కోపమంతా అమ్మను ఆపిన అధికారి మీద ఉంది. ఉత్తరం చదివాక నాకు కోపం వచ్చింది మాత్రం, పది రోజుల తర్వాత ఆమెను ఒక్క మాటైనా అడగకుండా దాటించిన రెండో అధికారి మీద.

ఎందుకో చెబుతాను. పదో తరగతి గట్టెక్కని వారి పాస్‌పోర్టును ఈసీఆర్ పాస్‌పోర్టు అంటారని నీకు తెలిసే ఉంటుంది. అలాంటి పాస్‌పోర్టుతో కువైట్, సౌదీ, ఖతర్ వంటి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే 1983 నాటి వలస చట్టం ప్రకారం ముందే అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతి ఇచ్చే అధికారిని వలసదారుల సంరక్షకుడు అంటారు. ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్ల విషయంలో ఇంకో నిబంధన ఉంది. 30 ఏళ్లు నిండకపోతే అనుమతి ఇవ్వరు. మీ అమ్మకు అప్పటికి 27. అంటే ఏజెంటు ఆమె చేతికిచ్చిన కాగితాలలో ఏదో ఒకటి సరైనది కాదు. మొదటి అధికారి దాన్ని పట్టుకున్నాడు. రెండో చోట చూడలేదు, లేదా చూడనట్లు ఊరుకున్నారు. ఆ ఎనిమిది నెలల జీతం పోవడానికి తలుపు తెరుచుకున్నది అక్కడ. సరైన అనుమతితో వెళ్లి ఉంటే యజమాని పేరు, జీతం, పని ఒప్పందం అన్నీ మన ప్రభుత్వం దగ్గర నమోదై ఉండేవి. ఫిర్యాదు చేయడానికి చేతిలో ఒక కాగితం ఉండేది.

మొదటి అధికారి తప్పేమీ లేదా అంటే, ఉంది. పెద్దదే. ఆపిన మనిషికి ఎందుకు ఆపారో ఆమె భాషలో చెప్పలేదు. "అమ్మా, ఈ వీసా మీద నువ్వు వెళితే అక్కడ నీకు దిక్కుండదు, నిన్ను పంపుతున్నవాడు మోసం చేస్తున్నాడు" అని తెలుగులో రెండు వాక్యాలు చెప్పగలవారు ఆ ప్రాంగణంలో ఒక్కరైనా ఉండి ఉంటారు. పిలవలేదు. ఆ రెండు వాక్యాలు విని ఉంటే ఆమె పది రోజుల తర్వాత మళ్లీ బయలుదేరేదా? బహుశా అప్పటికే అప్పు చేసి ఉంటుంది కాబట్టి బయలుదేరేదేమో. కానీ తెలిసి వెళ్లేది.

ఇదంతా ముందు ఎందుకు చెబుతున్నానంటే, నువ్వు ఏ పరీక్ష రాయాలన్నది దీని మీదే ఆధారపడి ఉంది. నీకు కావలసింది కాగితాలు తనిఖీ చేసే కుర్చీయా, పని కోసం వెళ్లే మనిషిని కాపాడే కుర్చీయా? మన దేశంలో ఈ రెండూ ఒకే ఇంట్లో లేవు.

విమానాశ్రయంలో ముద్ర వేసేది ఇమ్మిగ్రేషన్ బ్యూరో. 1971లో ఏర్పడింది. హోంశాఖ కింద, ఇంటెలిజెన్స్ బ్యూరో అజమాయిషీలో నడుస్తుంది. పైన కమిషనర్, ఆయన కింద పెద్ద నగరాలలో విదేశీయుల ప్రాంతీయ నమోదు అధికారులు ఉంటారు. అలాంటి కార్యాలయం లేని జిల్లాలలో ఆ బాధ్యత ఎస్పీది. కడపలోనూ అంతే. 2025లో వచ్చిన ఇమ్మిగ్రేషన్, విదేశీయుల చట్టం ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. 1920, 1939, 1946, 2000 నాటి నాలుగు పాత చట్టాల స్థానంలో తెచ్చిన చట్టం అది. బ్యూరోకు, కమిషనర్‌కు, ఇమ్మిగ్రేషన్ అధికారులకు అందులో చట్టబద్ధమైన స్థానం ఇచ్చారు. అయినా "ఇమ్మిగ్రేషన్ సర్వీసు" అనే పేరుతో సివిల్స్‌లో ఒక విభాగం లేదు. పై కుర్చీలలోకి ఎక్కువగా వచ్చేది ఐపీఎస్ నుంచి ఇంటెలిజెన్స్‌కు వెళ్లినవారు. కౌంటరులో కూర్చునేవారిలో నువ్వడిగిన ఏసీఐఓలు ఉంటారు.

ఆ ఏసీఐఓ ఉద్యోగం మంచిదే. డిగ్రీ చాలు, వయసు 27 లోపు ఉండాలి, బీసీలకు మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్లు సడలింపు. మూల వేతనం 44,900 రూపాయల దగ్గర మొదలవుతుంది, దాని మీద ప్రత్యేక భద్రతా భత్యం కూడా ఉంటుంది. 2025లో ఒకే ప్రకటనలో 3,717 పోస్టులు పడ్డాయి కాబట్టి అవకాశం లేదనలేం. అయితే రెండు సంగతులు తెలుసుకుని అందులోకి అడుగుపెట్టు. పరీక్ష పాసైనంత మాత్రాన నిన్ను విమానాశ్రయంలోనే వేస్తారని లేదు. అది గూఢచారి సంస్థ, నీ చేత ఇంకే పనైనా చేయించవచ్చు. ఇక మెట్లు. ఏసీఐఓ రెండో శ్రేణి నుంచి ఒకటో శ్రేణి, ఆపైన డీసీఐఓ, ఆపైన అసిస్టెంట్ డైరెక్టర్. ఒక్కో మెట్టు మీద ఏళ్లకేళ్లు నిలబడాలి. నేను వేరే కేంద్ర శాఖలో గుమాస్తాగా చేరి, 33 ఏళ్లు పనిచేసి, అధికారిగా విరమించినదాన్ని. కింది నుంచి ఎక్కినవాళ్లు సగం మెట్ల దగ్గరుండగానే, పైనుంచి డిప్యుటేషన్ మీద వచ్చినవారు ఆ గదిలో కూర్చోవడం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. బాధగా ఉండేది, కానీ పని ఆగలేదు. నీకూ అలాంటి రోజులు వస్తాయి.

ఇంకొకటి, నీ విషయంలో ఇదే ముఖ్యం. ఇంటెలిజెన్స్ సంస్థల్లో పనిచేసేవారి హక్కులను పరిమితం చేస్తూ 1985లో ఒక చట్టం చేశారు. సంఘం పెట్టుకోవడానికి లేదు, సొంతంగా పత్రికలతో మాట్లాడడానికి లేదు. నీ ఉత్తరం చూస్తే నువ్వు మాట్లాడాలనుకుంటున్న పిల్లవు. అమ్మలాంటి వాళ్ల సంగతి నలుగురికీ తెలియాలన్న తపన అందులో ప్రతి వాక్యంలో ఉంది. ఆ తపన ఉన్న మనిషికి నోరు మెదపకూడని కొలువు ఊపిరాడనివ్వదేమోనని నా భయం. నిశ్శబ్దంగా పని చేసుకుపోయే స్వభావం ఉన్నవాళ్లకు అది గౌరవమైన బతుకు. నీ స్వభావం నీకే తెలియాలి.

రెండో ఇల్లు విదేశాంగ శాఖ. వలసదారుల సంరక్షకులు, ఢిల్లీలో వారందరి మీద ఉండే ప్రధాన సంరక్షకుడు ఈ శాఖ కిందే ఉన్నారు. 2004లో ప్రవాస భారతీయుల వ్యవహారాలకు విడిగా ఒక మంత్రిత్వ శాఖ పెట్టారు గానీ, 2016లో దాన్ని మళ్లీ విదేశాంగంలో కలిపేశారు. మన వైపు వారి సంగతి చూసే సంరక్షక కార్యాలయం ఏళ్లుగా హైదరాబాదులో ఉంది. ఏజెంట్లకు లైసెన్సు ఇచ్చేదీ, రద్దు చేసేదీ ప్రధాన సంరక్షకుడే. పనికి వెళ్లే మనిషి దగ్గర ఏజెంటు తీసుకోగలిగిన రుసుముకు 30,000 రూపాయల పరిమితి పెట్టినదీ, దానిపై జీఎస్టీ మాత్రమే అదనమన్నదీ ఈ వ్యవస్థే. రాజంపేట, కోడూరు, సిద్ధవటం వైపు ఖాదిం వీసాకు, అంటే ఇంటిపని వీసాకు, ఎంత తీసుకుంటున్నారో నీకు నాకన్నా బాగా తెలుసు. ఆ రెండు అంకెల మధ్య ఎంత దూరముందో, అంత పని ఆ కుర్చీలో మిగిలి ఉంది.

ఆ కుర్చీ పవిత్రమైనదేమీ కాదు. 2015లో కేరళ నుంచి కువైట్‌కు నర్సులను పంపిన వ్యవహారం బయటపడింది. ఒక్కొక్కరి దగ్గర 19,500 రూపాయలు తీసుకోవలసిన చోట పందొమ్మిదిన్నర లక్షలు వసూలు చేశారని తేలింది. సీబీఐ కేసు పెట్టినవారిలో కొచ్చిలోని వలసదారుల సంరక్షకుడు కూడా ఉన్నాడు. కాపలాగా నియమించిన మనిషే నిందితుడయ్యాడు. ఇది చదివినప్పుడు నాకు నిద్రపట్టలేదు. పేదవాడి ప్రయాణం మీద కూర్చున్న ప్రతి కుర్చీ దగ్గరకూ డబ్బు సంచి వస్తుంది. విజిట్ వీసా మీద ఒక దేశానికి పంపి, అక్కడినుంచి పనికి మరో దేశానికి దాటించే ఏజెంట్లకు కౌంటరులో ఒక మనిషి కావాలి. ఆ మనిషివి నువ్వు కానని గట్టిగా చెప్పగలిగే రోజు ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే వస్తుంది. పెద్ద అధికారి అయ్యేదాకా ఆగదు.

ఈ సంరక్షక ఉద్యోగానికీ నేరుగా పరీక్ష లేదు. ఇతర సర్వీసుల నుంచి వచ్చినవారే కొన్నేళ్లు చేసి వెళతారు. కాబట్టి విదేశాంగంలోకి ఏ తలుపు నుంచి వెళ్లాలన్నది ప్రశ్న. ఒక తలుపు సివిల్స్‌లో విదేశాంగ సర్వీసు. ఇంకో తలుపు గురించి మన పిల్లలు పెద్దగా ఆలోచించరు, నేను నీకు మొదట చెప్పదలచింది దాని గురించే. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ డిగ్రీవారికి పెట్టే ఉమ్మడి పరీక్ష సీజీఎల్‌లో విదేశాంగ శాఖ అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్ పోస్టులు ఉంటాయి. వేతనం ఏసీఐఓతో సమానం. వయసు 30 దాకా ఉంది. మంచి ర్యాంకు రావాలి, ప్రాధాన్య క్రమంలో దాన్ని పైన రాయాలి. చేరాక మొదట ఢిల్లీలో ఫైళ్లు. తర్వాత వంతుల వారీగా విదేశాల్లోని మన రాయబార కార్యాలయాలకు పంపుతారు. అక్కడ పాస్‌పోర్టు, కాన్సులర్, కార్మిక విభాగాల్లో పని దొరికే అవకాశం ఉంటుంది. ఈ శ్రేణి నుంచి సెక్షన్ ఆఫీసరుగా, అండర్ సెక్రటరీగా ఎదుగుతూ విదేశాంగ సర్వీసులోకి పదోన్నతి పొందినవారు ఉన్నారు. కొందరు రాయబారులు కూడా అయ్యారు.

2018 జనవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడు, అకామా (నివాస అనుమతి) లేనివారు ఔట్‌పాసుల (ఇంటికి తిరిగి రావడానికి ఇచ్చే తాత్కాలిక ప్రయాణ పత్రాల) కోసం మన రాయబార కార్యాలయం దగ్గర బారులు తీరారు. మీ ఊరి వాళ్లు కూడా ఉండే ఉంటారు, అమ్మను అడుగు. ఆ రోజుల్లో లోపల బల్ల దగ్గర ఒక తెలుగు అమ్మాయి కూర్చుని ఉంటే ఎలా ఉండేదో నువ్వే ఊహించుకో. నీ స్థానం అక్కడ అని నాకనిపిస్తోంది.

పాస్‌పోర్టు కార్యాలయాల ఉద్యోగాలు కూడా ఉన్నాయి, అవీ విదేశాంగ శాఖవే. స్థిరమైన పని. కానీ నువ్వు కోరుతున్నది అందులో తక్కువ దొరుకుతుంది.

అమెరికా సంగతి అడిగావు. నువ్వు చదివింది నిజమే. వారి పాత వలస శాఖ 1933లో ఏర్పడి, 2003 మార్చిలో రద్దై మూడు సంస్థలుగా విడిపోయింది. 1977లో దానికి అధిపతి అయిన లియోనెల్ కాస్టిల్లో తాత మెక్సికో నుంచి వలస వచ్చినవాడు. "చట్టవిరుద్ధ విదేశీయులు" అనే మాట మానేసి "పత్రాలు లేనివారు" అనమని ఆయన తన సిబ్బందికి చెప్పాడు. రెండేళ్లకే పదవి వదిలాడు. అలెహాండ్రో మయోర్కాస్ హవానాలో పుట్టి, పసితనంలో కుటుంబంతో క్యూబా వదిలి వచ్చినవాడు. 2009 నుంచి 2013 దాకా పౌరసత్వ, వలస సేవల సంస్థను నడిపి, 2021లో హోంలాండ్ సెక్యూరిటీ శాఖ మంత్రి అయ్యాడు. అయితే అక్కడ ఆ పదవులు అధ్యక్షుడు ఎంపిక చేస్తే, సెనేట్ ఆమోదిస్తే వచ్చేవి. పరీక్ష రాసి చేరేవి కావు. సైన్యంలో జనరల్‌గా విరమించిన జోసెఫ్ స్వింగ్‌ను 1954లో ఆ పాత వలస శాఖ అధిపతి కుర్చీలో కూర్చోబెడితే, మెక్సికన్లను పెద్దఎత్తున పట్టి పంపించే పని సైనిక చర్యలాగే నడిపాడు.

నువ్వు తెలుసుకోవలసిన మనిషి డోరిస్ మైస్నర్. 1973లో న్యాయశాఖలో మొదలుపెట్టి, అక్కడ పలు పదవుల్లో పనిచేసి, 1981లో వలస శాఖకు తాత్కాలిక అధిపతిగా కొంతకాలం చేసి, మధ్యలో బయటకు వెళ్లి పరిశోధన చేసుకుని, 1993లో పూర్తి అధిపతిగా తిరిగి వచ్చి 2000 దాకా ఉంది. కుర్చీ దక్కడానికి ముందు ఇరవై ఏళ్లు ఆ విషయాన్నే నమిలి మింగింది. మన దగ్గర కుదిరే దారి దీనికే దగ్గరగా ఉంటుంది. పైగా మన 1983 చట్టాన్ని మార్చడానికి 2021లో ఒక ముసాయిదా, 2025లో మరొకటి ప్రజాభిప్రాయానికి పెట్టారు. అలాంటి ముసాయిదాలను ఢిల్లీలో సెక్షన్ ఆఫీసర్లు, అండర్ సెక్రటరీలు మొదట చేపడతారు. ఆ గదిలో "ముప్పై ఏళ్ల నిబంధన కాగితం మీద ఉంటే ఏజెంటు దాన్ని ఎలా దాటిస్తాడు" అన్నది ఇంట్లో చూసిన మనిషి ఒక్కరైనా ఉండాలి.

భాష సంగతి కూడా చెప్పాలి. నువ్వు రోజూ కూర్చుని చదివే ఆ ఎర్రముక్కపల్లె స్థలం ఒక అధికారి బంగళా. సి.పి. బ్రౌన్ 1820లో కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చాడు. ఎదుట నిలబడ్డ రైతు చెప్పేది తనకే అర్థం కావాలని తెలుగు పట్టుబట్టి నేర్చుకున్నాడు. ఉద్యోగంలో గవర్నరు స్థాయికేమీ వెళ్లలేదు, తపాలా శాఖ చూశాడు, ప్రభుత్వానికి తెలుగు అనువాదకుడిగా చేశాడు. మీ అమ్మను ఆపిన కౌంటరులో లేనిది ఆ పట్టుదలే. నువ్వు హిందీ, ఇంగ్లీషు ఎలాగూ నేర్చుకుంటావు. అరబ్బీ కూడా మొదలుపెట్టు. గురువు నీ ఇంట్లోనే ఉంది! పదకొండేళ్లు కువైట్ వంటింట్లో మాట్లాడిన అరబ్బీ ఏ తరగతి గదిలోనూ దొరకదు. చదవడం, రాయడం తర్వాత నేర్చుకోవచ్చు, హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో కోర్సులున్నాయి. విదేశాంగ సర్వీసులో చేరినవారికి కేటాయించే భాషల్లో అరబ్బీ ఒకటి. సీజీఎల్‌లో దీనికి మార్కులు లేవు, కానీ ఔట్‌పాసు బల్ల దగ్గర ఉన్నాయి.

పెళ్లి మాట. ఇంట్లో రెండేళ్లు అన్నారు. నువ్వు మూడు అడుగు, కారణంతో అడుగు. మొదటి ఏడాదిన్నర సీజీఎల్ మీదే ఉండు. ఏసీఐఓ ప్రకటన పడితే అదీ రాయి, సిలబస్ చాలావరకు కలుస్తుంది. ఏదో ఒక ఉద్యోగం చేతికి వచ్చాక సివిల్స్‌కు కూర్చో, దానికి 32 దాకా వయసుంది. ఉద్యోగం లేకుండా సివిల్స్ ఒక్కటే పట్టుకుని ఐదేళ్లు గదుల్లో కూర్చున్న పిల్లలను కర్నూలులో, అనంతపురంలో నేను చాలామందిని చూశాను. ఆ దారి నీకు చెప్పలేను. మీ ఇంటి ఆదాయం దాన్ని మోయలేదు. సంబంధం వచ్చినప్పుడు అబ్బాయికి ముందే చెప్పు, ఢిల్లీలో ఉండాలి, మూడేళ్లకోసారి దేశం మారవచ్చు అని. దానికి ఒప్పుకునేవాడు దొరకడం కష్టమే. దాచిపెట్టి పెళ్లి చేసుకుంటే ఆ కష్టం తర్వాత రెట్టింపవుతుంది. ఇంట్లో మాట్లాడేటప్పుడు అమ్మను నీ పక్కన కూర్చోబెట్టుకో. మనిషి దూరంగా ఉంటే ఇల్లు ఎలా నడుస్తుందో ఆ ఇంట్లో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆమె మాటకు బరువుంటుంది.

ఆ రెండు ప్రయాణాల సంగతి ఆమె చేత పూర్తిగా చెప్పించుకుని ఒక నోటుపుస్తకంలో రాసుకో. ఏ తేదీన, ఏ విమానాశ్రయం, ఏజెంటు ఏ కాగితాలిచ్చాడు, ఏం చెప్పమన్నాడు. పాత పాస్‌పోర్టు పారేయలేదు కదా? అందులో ముద్రలుంటాయి.

ఈ సమాధానం మొదట్లో ఆ ఇద్దరు అధికారుల గురించి నేను రాసింది ఆమెకు నెమ్మదిగా చదివి వినిపించు. ఆ రోజు పక్కన కూర్చోబెట్టినప్పుడు తానే ఏదో తప్పు చేశానని ఆమె అనుకుని ఉంటుంది. పదిహేనేళ్లుగా ఆ భయం అందుకే పోలేదేమో. తప్పు ఆమెది కాదని ఇంతవరకూ ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు.